తీసేసేదానికి కొలత

మొయినాబాద్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన మా ఆఫీసు. కింద పెయింటు వాసన, పైన మేము. నగరంలో ఆర్కిటెక్టులు కంప్యూటర్‌లోనే ఇంటిని మొత్తం నిలబెట్టి పంపుతారు, గోడలూ తలుపులే కాదు, సోఫా మీద దిండుతో సహా. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మేస్త్రీ దాన్ని చూసి ఇటుక పెట్టలేడు. అతనికి కాగితం కావాలి, కాగితం మీద కొలత కావాలి. ఆ ఇంటిని అడ్డంగా, నిలువుగా కోసి, వందో వంతుకో రెండు వందలవ వంతుకో కుదించి, గీతలుగా కాగితం మీదికి దించడం నా పని. కోత పడిన గోడకు లావు గీత. దూరంగా కనిపించేదానికి సన్న గీత. కూల్చేయాల్సినదానికి ముక్కలు ముక్కలుగా తెగిన గీత.

మాకు వచ్చేవి ఎక్కువగా ఫామ్‌హౌస్‌లే. జన్వాడ దిక్కుదొకటి, చేవెళ్ళ దిక్కుదొకటి. ఎవరి చేనులో ఎవరి ఇల్లు లేస్తుందో నేను పట్టించుకోను. పట్టించుకుంటే పని సాగదు.

ఆ రోజు వచ్చిన ఫైలు తెరిచి ముందు స్థలం హద్దు చూశాను. ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆ వంపు దగ్గర ఎడ్లు తిరగక మా బాపు రోజూ తిట్టుకునేవాడు. పక్కనే గుండ్రంగా బావి. చేవెళ్ళ దారిలో మేము అమ్మేసిన చేను అది. బావికి ఇవతల సర్వేవాళ్ళు చింతగింజంత డబ్బా గీసి, ‘పాత గద్దె’ అని రాశారు. అది గద్దె కాదు, బాపు సమాధి.

మా వైపు చేను ఉన్నవాళ్ళు పోయిన తమ మనిషిని తమ చేనులోనే పెట్టుకుంటారు. మేము నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. అవ్వకు ఒకటే బాధ ఉండేది, బాపు ఎండలో పడుకున్నాడని. పైన నాలుగు రేకులు వేయించమని అన్నను పోరేది. ఈ పంట పోనీ అనేవాడు, వచ్చే పంట అనేవాడు. అంతలో చేనే పోయింది. అమ్మేటప్పుడు సమాధిని కదపవద్దని, ఏటా పెత్రమాసకు, అంటే పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, మమ్మల్ని రానివ్వాలని అన్న అడిగాడు. కొన్నవాళ్ళు సరే అన్నారు. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. నోటి మాట చాలనుకునే మనుషులం మేము. అదొక గొప్ప మాకు.

ఇప్పుడు డిజైన్‌లో ఆ డబ్బా మీద కార్ల షెడ్డు కూర్చుంది. బావిని మాత్రం ఉంచారు, చుట్టూ దీపాలు పెట్టి. బావి ఫొటోలకు బాగుంటుంది కదా.

నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. ఏమీ అనిపించలేదు, అంతే. లేచి వెళ్ళి మా సారుకు చెప్పాను. ఆయనది కోస్తా, ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, మంచివాడే. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, డిజైన్ వాళ్ళది. మన పని కాగితం వరకే. మీవాళ్ళనే ఒకసారి ఓనరుతో మాట్లాడమనరాదూ?"

అన్నకు ఫోన్ చేశాను. చందనవెల్లి ఫ్యాక్టరీలకు నీళ్ళ ట్యాంకర్ తోలుతాడు.

"గది నాకెరికే చెల్లె," అన్నాడు. "మొన్న ఎండకాలమే అడిగిండ్లు. సరే అన్న."

"ఎట్లన్నవ్ అన్నా?"

"ఇల్లు కట్టుకునేటోళ్ళు వాకిట్ల గోరి పెట్టుకుంటరా? నువ్వైతే పెట్టుకుంటవా? పెత్రమాసకు వచ్చి పోండ్రి అన్నరు. గదే ఎక్కువ."

"నాకెందుకు జెప్పలే?"

"పెండ్లయి పోయినదానివి, నీకెందుకు ఫికర్ అనుకున్న."

"అవ్వకు ఎరికేనా మరి?"

ట్యాంకర్ గేరు మార్చిన చప్పుడు వినిపించింది. తర్వాత "నువ్వే జెప్పు" అని పెట్టేశాడు.

సాయంత్రం చేవెళ్ళ బస్సెక్కాను. అవ్వ రొట్టెలు చేస్తూ ఉంది. చెప్పాను. వార్తలు చదివేవాళ్ళలాగా చెప్పాను, నా గొంతు నాకే పరాయిగా ఉంది. అవ్వ పెనం మీది రొట్టెను తిప్పింది, మళ్ళీ తిప్పింది. అది మాడిన వాసన వచ్చాక తీసింది.

"గోరి పోతే పోయింది," అంది. "జాగ యాడనో ఎరికైతదా బిడ్డా?"

"ఎరికైతది అవ్వా," అన్నాను.

మర్నాడు స్థలం షీటు పూర్తి చేశాను. డబ్బాను తెగిన గీతలోకి మార్చాను. పక్కన ‘తొలగించాలి’ అని రాశాను. తర్వాత బావి గోడ నుంచి డబ్బా నడిమధ్యకు ఒక కొలత, ప్రహరీ నుంచి ఇంకో కొలత వేశాను. గీతలు శుభ్రంగా వచ్చాయి. 

సారు షీటు చూస్తూ ఆ అంకెల దగ్గర ఆగాడు.

"తీసేసేదానికి కొలత ఎందుకమ్మా?"

"కూలగొట్టేటోళ్ళకు దొరకాలె గద సార్."

ఆయన నా మొహం వైపు చూశాడు, సంతకం పెట్టాడు.

మరుసటి ఏడు పెత్రమాస నాటికి ఇల్లు లేచింది. రొట్టె, చేపల కూర, బీడీ కట్ట సంచిలో పెట్టుకుని అవ్వా నేనూ వెళ్ళాం. అన్నకు ట్యాంకర్ డ్యూటీ పడిందట. వాచ్‌మన్ గేటు తీశాడు. బావి దీపాలు పగటిపూట కూడా వెలుగుతున్నాయి. నేను షీటు విప్పి, టేపు తీశాను. బావి గోడ నుంచి ఒకసారి, ప్రహరీ నుంచి ఒకసారి కొలిచాను. రెండు కొలతలూ వచ్చి షెడ్డులో ఆపి ఉన్న కారు కింద కలిశాయి.

కారు పక్కకు తీయించాలని వాచ్‌మన్ ఎవరికో ఫోన్ చేశాడు. తాళాలు నగరంలో ఉన్నాయట. చాలా నొచ్చుకున్నాడు పాపం.

"యాడ?" అంది అవ్వ.

చూపించాను. అవ్వ మోకాళ్ళ మీద కూర్చుని, ఇస్తారాకులో అన్నీ పెట్టి, చెయ్యి అందినంత దూరం కారు కిందికి తోసింది. చీర కొంగుకు నూనె మరక అంటింది. ఇన్ని నెలల తర్వాత నాకు అప్పుడు కోపం వచ్చింది, అన్న మీద, కారు మీద, ఎంతో శుభ్రంగా గీసిన నా గీతల మీద. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను.

అవ్వ అప్పటికే తల ఎత్తి షెడ్డు పైకప్పు చూస్తూ ఉంది.

"రేకులేసిండ్లు గదనే," అంది. "ఎండ కొడ్తలేదు."

"అవునవ్వా," అన్నాను. "కొడ్తలేదు."