సోమన్న కుడిచెయ్యి

ఏళ్ళ తరబడి నన్ను లోపల్లోపల తినేస్తున్న సంగతి ఒకటి మీకు చెబుతాను. ఓదార్చకండి. ఓదార్పే కావాలంటే మా పాస్టరుగారున్నారు. ఆయనకీ చెప్పలేకపోయాను.

తొంభైల్లో నర్సీపట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సుని. ఆదివారాలు డాక్టరుగారు ఉండేవారు కాదు. కబేళా వాళ్ళకి చేతులు తెగేది ఆదివారాలే, ఊరంతా మాంసం కోసం ఎగబడే పూట కదా. కొవ్వు జిడ్డుకి కత్తి జారేది. గాయానికి పసుపు అద్ది, గుడ్డ చుట్టుకుని పరుగున వచ్చేవారు. నేనే కుట్లు వేసి పంపేదాన్ని. నా కుట్టు బాగుంటుందని పేరు. ఆ పేరంటే నాకెంత మురిపెమో!

ఏజెన్సీ కొండల నుంచి దిగివచ్చి మేకలు కోసే పనిలో చేరిన సోమన్న ఓ ఆదివారం వచ్చాడు. కత్తి ఎముకకి తగిలి ఆగిపోయి, పిడి మీది చెయ్యి పదును మీదికి జారిందట. వేళ్ళ మొదట్లో లోతుగా తెగింది. అలాంటి గాయమైతే ముందు ఒక్కో వేలూ వంచమనాలి. వంగకపోతే లోపల వేలిని లాగే నరం తెగినట్టే, విశాఖ పెద్దాసుపత్రికి పంపాలి. ఇదంతా నాకు తెలుసు. కాని అవతల ఆరాధన మొదలవబోతోంది, మొదటి పాట నాది, పట్టుచీర కట్టుకునే ఉన్నాను. వంచమనలేదు. పైన చర్మం కుట్టేసి చర్చికి పోయి దేవుణ్ణి స్తుతించాను. గొంతు బాగుందన్నారందరూ.

కుట్లు విప్పేనాటికి అతని రెండు వేళ్ళు కర్రపుల్లల్లా బిగుసుకున్నాయి.

“ఏళ్ళు వంగట్లేదు సిస్టరమ్మా. ఏటైనాదంటారు?”

“కట్టు తడిపేవా?”

“ఒక్కపాలి తడిసిందమ్మా, పేగులు కడిగినపుడు.”

“అదిగో! సెప్తే ఇనవు. నీ సెయ్యి నువ్వే పాడు సేసుకున్నావు.”

“తప్పైపోనాదమ్మా. మీరు బాగానే కుట్టినారు.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా తప్పుని తడిసిన కట్టు మీదికి తోశాను. అప్పుడైనా విశాఖ పంపి ఉంటే ఆ వేళ్ళు దక్కేవేమో. ఎందుకు పంపలేదు? అక్కడి డాక్టరు “ఇది కుట్టిందెవరు?” అని అడుగుతాడని. అంతే. మొదటిదాన్ని తొందరపాటు అనుకుందాం. మరి రెండోదాన్ని ఏమనాలి? నాకు ఇప్పటికీ మాట దొరకలేదు.

సోమన్నకి కత్తి పట్టు పోయింది. తోళ్ళకి ఉప్పు రాసే పనిలో వేశారు. చెప్పిన మాట వినక చెయ్యి పోగొట్టుకున్నాడని పెళ్ళాం నా ఎదుటే తిట్టేది. తల వంచుకుని పడేవాడు. నేను వింటూ నిలబడేదాన్ని.

ఆ తర్వాత కబేళాలో ఎవరికి తెగినా నా దగ్గరికి వెంటబెట్టుకొచ్చేది అతనే. బిగిసిన వేళ్ళు చూపించి, సిస్టరమ్మ మాట వినకపోతే ఇలాగవుతుందని వాళ్ళకి బుద్ధి చెప్పేవాడు. ఆ మాటతో నా పేరు ఇంకా పెరిగింది.

అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను, ఇదీ పిరికితనమే. అయినా చెప్పేశాక గుండె కాస్త తేలికైంది, ఆ తేలికదనం చూస్తే నాకే రోత పుడుతోంది. సోమన్న తన చెయ్యి పాడుచేసుకోలేదు. నేను పాడుచేశాను.