శ్యామలక్క చెట్లకు సున్నం కొట్టారు

నిన్న పొద్దున కోంటా నుంచి ఫోన్. శ్యామలక్క ఇక లేదన్నారు.

ఏ శ్యామలక్క అని అడిగాను. నాకున్నది ఒక్క శ్యామలక్కే.

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కు చేర్చేలోపే అంతా అయిపోయింది.

కానీ ఇప్పుడు ఏడుస్తూ రాయడం లేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను.

వాట్సాప్ గ్రూపుల నిండా "సీతాకోకచిలుకల మేడం" అని రంగురంగుల ఫోటోలు. మా పెద్దమ్మ కూతురు శ్యామలక్క జగదల్‌పూర్‌ కాలేజీలో జువాలజీ చెప్తూ జీవితమంతా చూసింది మాత్‌లను, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులను. అందులోనూ హైపోమెసిస్ అనే ఒక్క జీనస్‌ను, అంటే దగ్గరి జాతుల ఒక్క గుంపును. వాటికి రంగులుండవు. అచ్చం చెట్టు బెరడులా ఉంటాయి.

ఒకసారి దారిలో తోంగ్‌పాల్ ఊరి దగ్గర కారు ఆపించి నన్ను సాల్ చెట్టు ముందు నిలబెట్టింది.

"ఏం కనబడ్తాంది?"

"చెట్టు."

"మంచిగ చూడు. నీ ముక్కు ముందరే ఉన్నది."

అక్క వేలు దగ్గరికి పోగానే బెరడు ముక్క ఒకటి ఎగిరిపోయింది! అదే మాత్. చెట్టు మీద వాలాక కొంచెం కొంచెం జరుగుతూ, రెక్కల గీతలు బెరడు పగుళ్ళతో కలిసేదాకా సర్దుకుంటుందట. పగలంతా కదలదు. అలా దాక్కుంటేనే బతుకుతుంది.

పైకి చాలా జాతులు ఒకేలా ఉంటాయి. పొట్ట చివరి భాగాలను మైక్రోస్కోప్ కింద చూస్తే గానీ ఏది ఏదో తేలదు. పాతకాలం శాస్త్రవేత్తలు వీటిని వేరే జీనస్‌లో కుక్కేశారని అక్కకు వాళ్ళ మీద సొంత పగ.

మరి మనవాళ్ళేం చేస్తారు? సాహెబ్ అనే పెద్దాఫీసరు ఎవరైనా వస్తున్నాడంటే చెట్ల మొదళ్ళకు గేరూ, చూనా పట్టీలు, అంటే ఎర్రమట్టి, సున్నం పట్టీలు కొడతారు. తెల్లటి పట్టీ మీద వాలిన మాత్ గోరింకకు వడ్డించిన విస్తరే.

ఒక జనవరిలో రిపబ్లిక్ డే కోసం సున్నం కొట్టడానికి వస్తే అక్క కాలేజీ చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"రంగేస్తే చెట్టు చస్తదా మేడం?" అన్నాడు ప్రిన్సిపాల్.

"చెట్టు చావదు సార్. దాని మీద కూసునేది చస్తది."

బ్రష్ చీరకు తగిలింది. ఆ సున్నపు చారల చీరతోనే క్లాసు చెప్పింది. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ చెట్ల జోలికి ఎవరూ పోలేదు.

రేపు కాలేజీలో శోకసభ. పెద్ద సాహెబ్ వస్తున్నాడట.

ఇవాళ పోయి చూశాను. అన్ని చెట్లకూ పట్టీలు కొట్టేశారు. కాలేజీ వాళ్ళను ఏందన్నా ఇది అంటే, "మేడం కోసమే కదా, మంచిగ కనబడాలె" అన్నారు.

సిగ్గుండాలి!

రేపు వచ్చేవాళ్ళు పూలదండలు తేవద్దు. బకెట్, కొబ్బరి పీచు తెండి. సభ కంటే ముందు ఆ చెట్ల సున్నం కడుగుదాం.

వెళ్ళిరా అక్కా. ఈ గొడవ ఇక మాకు వదిలేసి, శాంతిగా ఉండు.