బొటనవేలంత సందు

కొండపాకలో కుమ్మరి అమృతమ్మ ఇంటికీ, ఆమె తోటికోడలు స్వరాజ్యం ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ అవతల ఎన్ని కార్లు ఆగాయో, ఎందరు దిగారో చూడకుండానే చెప్పేస్తుంది అమృతమ్మ. తన వాకిట్లో ఆగేవి మాత్రం కోళ్లే.

ఒకప్పుడు ఇట్లా ఉండేది కాదు లెండి. పదహారేళ్లకు బెజ్జంకి నుంచి కోడలుగా వస్తే, ఆ ఏడాదే అత్త ఆమె చేత ఐరేని కుండలకు రంగు వేయించింది. పెళ్లివాళ్లు డప్పులతో వచ్చి కుమ్మరింటి నుంచి తీసుకుపోయే కుండలు కదా, ఊరికే గీతలు గీస్తే ఎట్లా? సున్నంతో రెండు చిలకలు, అది జంట. ఎర్రమట్టితో తీగ, అది వంశం. సూర్యుడు, చంద్రుడు సాక్షులు. చివరికి మెడ చుట్టూ ఒక తెల్ల గీత. ఆ గీత రెండు కొసలూ కలపబోతుంటే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

“బొటనవేలంత సందు ఇడిసిపెట్టు. పిల్లకు ఆడ కష్టమైతే మల్ల తల్లిగారింటికి రావాలె కదనే. తొవ్వ మూయొద్దు.”

అత్త పోయాక వచ్చింది స్వరాజ్యం. డబ్బా రంగులు, వెండి మెరుపులు, నెమళ్లు, పైగా పెళ్లివాళ్ల పేర్లు. ఆ ఫొటోలు ఫోన్లలో తిరిగాయి, సిద్దిపేట నుంచి జనం దిగారు. కుండలా అవి, మిఠాయి డబ్బాలా అని అమృతమ్మ నల్లా దగ్గర అందరితో అనేది. తనూ ఒక వెండి రంగు డబ్బా తెప్పించుకుని, మూత ఊడక, గూట్లో దాచేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎవరు పోయినా సిద్దిపేట ప్రమీలాదేవి ఇల్లు మాత్రం తనదేనని ఆమె ధీమా. ఆ ఇంట మూడు పెళ్లిళ్లకూ ఐరేని ఆమెదే. ఈ మాఘంలో ఆవిడ మనవరాలు రిషిత పెళ్లి. చెప్పకముందే కుండలు కాల్చి, రంగు వేసి సిద్ధం చేసింది. డప్పులు వినపడగానే కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. డప్పులు ఆమె వాకిలి దాటి పక్కింట్లోకి పోయాయి.

ఇంట్లో కూర్చోగలదా? పసుపు అడిగే నెపంతో తనూ పోయింది. వరసగా కుండలు. ప్రతి మెడ చుట్టూ వెండి గీత, ఎక్కడా సందు లేకుండా. చూడగానే అమృతమ్మ కడుపు చల్లబడింది.

“అమ్మా, తొవ్వ మూసేసిన్రు. పిల్ల మల్ల ఇంటికెట్ల వస్తది?”

డప్పులు ఆగాయి. ప్రమీలాదేవి ముఖం వాడిపోయింది. స్వరాజ్యం కుండల వైపు చూసి, మెల్లగా తలెత్తింది.

“నాకేమెరుక అక్కా. అత్త నీకు చెప్పింది. ఇన్నేండ్లల్ల నువ్వు నాకు చెప్పినవా?”

అందరి కళ్లూ అమృతమ్మ మీద పడ్డాయి. ఆ సందు నువ్వే తియ్యమ్మా అంది ప్రమీలాదేవి. సున్నమైతే తడివేలితో పోయేది. డబ్బా రంగు పోతుందా? కొడవలి మొనతో గీకి గీకి, శత్రువు కుండలకు తన చేత్తోనే తొవ్వ తీసింది అమృతమ్మ. పనయ్యాక, అత్త నేర్పినట్టే, ఒక్కో కుండనూ తిప్పి, సందు అక్కడ నిలబడ్డ రిషిత తల్లివైపు వచ్చేట్టు పెట్టింది. అదెవరూ గమనించలేదు. రిషిత వంగి ఫొటో తీసుకుని, “స్వరాజ్యం ఆంటీ, ఈ డిజైన్ మస్తుంది” అంది.

ఆంటీ అట. స్వరాజ్యం డిజైన్ అట. అమృతమ్మ పసుపు కూడా అడగకుండా వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే స్వరాజ్యం కొత్త కుండ పట్టుకుని గోడ దగ్గరికొచ్చింది. “అక్కా, సందు ఎంతుండాలె?”

 అమృతమ్మ బొటనవేలు ఎత్తి చూపించింది. “గింతే.”

కుండ అప్పగించేటప్పుడు ఆ సందు పిల్ల తల్లివైపు తిప్పాలన్న సంగతి మాత్రం చెప్పలేదు.