రాణి దించిన చెయ్యి

నా చిన్నప్పుడు ఆత్మకూరులోని మా అంగడికి నల్లమల నుంచి చిరుతపులి వచ్చి, బెల్లం దిమ్మె నాకి, మీసాలు తుడుచుకుని పోయిందని బళ్ళో చెప్పినాను. చెప్పింది ఒక్కదానికే. సాయంత్రానికి ఊరంతా పాకింది. మరుసటి రోజు నుంచి మా అంగట్లో బెల్లం అడిగినవాళ్ళు లేరు. పులి ఎంగిలి ఎవరు తింటారు?

మా నాయనకు కోపం నెత్తికెక్కింది. వ్యాపారస్తుల ఇల్లు కదా, మా ఇంట్లో ఒట్టు వేయాలంటే దేవుడి పటం ముందు కాదు, అంగట్లో వేలాడే తక్కెడ ముందు. కుడి చెయ్యెత్తి ఆ పళ్ళెం పట్టుకుని చెప్పిన మాట మా వంశంలో ఎవరూ తప్పలేదు. రేపు పొద్దున నలుగురి ముందర పళ్ళెం పట్టుకుని, బతికినన్నాళ్ళూ ఇంక కట్టుకథ చెప్పనని ఒట్టు వేయాలన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు. అన్నం మానేయమంటే మానేసేదాన్ని. కథలు మానడం ఎట్లా?

ఆ రోజే సంతలో కొయ్యబొమ్మలాట. పైనుంచి తాళ్ళతో ఆడించే బొమ్మలు. అంగట్లో ఒక్కదాన్నే వదిలితే ఈసారి ఎలుగుబంటిని తెస్తానని భయపడి, మా నాయన నన్ను వెంటబెట్టుకుని పోయినాడు.

ఆటలో ఓడిన రాణిని గెలిచిన రాజు కొలువుకు పిలిపించి, చేతులెత్తి మొక్కమంటాడు. సరిగ్గా అప్పుడే రాణి కుడిచేతి తాడు పుటుక్కున తెగింది. చెయ్యి వేలాడిపోయింది. ముందు వరసలో కూర్చున్న బియ్యం మిల్లు పెద్దాయన పగలబడి నవ్వినాడు.

"ఏమమ్మో, మీ రాణి చెయ్యి పడిపోయిండాది! ఆట ఆపి కట్టుకోండి."

తెర వెనక ఆడిస్తున్న అవ్వ తడుముకోలేదు. రాణి తల మెల్లగా ఆయన వైపు తిరిగింది.

"పడిపోలేదప్పా, నేనే దించినా. నాకు బుద్ధి పుట్టినప్పుడు ఎత్తుతా. నువ్వెవరు చెప్పేకి?"

ఆ మాటకు జనం నవ్విన నవ్వులకు సంతలో రెండు ఎద్దులు కట్లు తెంపుకున్నాయి. ఒకటేనని మా నాయన అనేవాడు.

ఆట అయినాక తెర వెనక్కి దూరి, తాడు ఎప్పుడు కడతావని అవ్వను అడిగినాను. ఆమె నా గడ్డం పట్టుకుని, "నేనే దించినానని ఇంతమంది ముందర చెప్పినాక మళ్ళా కడితే, నా మాట అబద్ధం అయిపోదా పాపా?" అంది.

మరునాడు పొద్దున మా నాయన తక్కెడ ముందు నిలబెట్టి చెయ్యెత్తమన్నాడు. సరుకులకు వచ్చినవాళ్ళంతా చూస్తున్నారు. నా కుడి చేతిని రాణి చెయ్యిలాగే వేలాడేసినాను. "పడిపోలేదు నాయనా, నేనే దించినా" అన్నాను. అందరూ నవ్వినారు, మా నాయన తప్ప. వీపు మీద ఒకటి పడింది. అయినా చెయ్యి ఎత్తలేదు. మధ్యాహ్నం అన్నం తింటూ, ఎటో చూస్తూ, "ఇంతకీ ఆ పులి ఆడదా, మగదా?" అని మాత్రం అడిగినాడు.

మొన్న కడపలో ఒక కాలేజీ హాల్లో ఆ బొమ్మలాట మేళం ఆట ఉందని తెలిసి బస్సెక్కి పోయినాను. నాకిప్పుడు యాభై దాటినాయి. అవ్వ లేదు, ఆమె మనవరాలు ఆడిస్తోంది. రాణికి చీర మారింది, ముఖానికి రంగు మారింది. కుడి చెయ్యి అట్లాగే వేలాడుతోంది. రాణి అదే మాట అంది, హాలంతా నవ్వింది. నేను మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఆట ఏర్పాటు చేసిన పెద్దమనిషికి ఆ వేలాడే చెయ్యి నచ్చలేదు. చెయ్యి బాగు చేయించుకుంటేనే మళ్ళీ పిలుస్తానన్నాడు. మనవరాలు తల దించలేదు. "అయితే పిలవద్దులే సార్. మేము పుట్టినప్పటి నుంచీ ఆ చేతికి తాడు లేదు" అంటూ రాణిని పెట్టెలో సర్దుతోంది. ఆయన నన్ను చూసి, "పెద్దవారు, మీరైనా చెప్పండి" అన్నాడు.

చెప్పినాను. ఒకసారి ఎవరో ఆ చేతికి తాడు కట్టిస్తే, ఆ ఊళ్ళో మూడేళ్ళు చుక్క వాన పడలేదని. సీమలో వాన మాటెత్తితే ఎంతటివాడైనా ఆగాల్సిందే. ఆయన హాలు కప్పు వైపు ఒకసారి చూసి, "నిజమేనా అమ్మా? ఒట్టు వేయండి" అన్నాడు.

నా కుడి చెయ్యి ఆ పొద్దు మా అంగట్లో దించిన చోటే ఉండాది. ఒట్టు కోసం ఇన్నేళ్ళలో ఎవరడిగినా ఎత్తలేదు. కడపలోనూ ఎత్తలేదు.