నాలుగింటి క్లయింట్ కాల్

సాయంత్రం నాలుగు గంటల ఐదు నిమిషాలకు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: "దిగు. జామకాయ." రోజూ అదే సమయానికి వచ్చేదే. ఆ రోజు మాత్రం అది వచ్చేసరికి నా పరువు పోయి పది నిమిషాలైంది. ఎలా పోయిందో చెబుతాను. నవ్వండి, నేను అడ్డుపడను.

ఆ మెసేజ్ పంపేది యాదగిరి. అంటే, అతను రాసిపెట్టిన వర్క్‌ఫ్లో. యాదగిరిది నార్సింగి, ఆఫీసులో నా పక్క సీటు. ఫలానా టైముకు ఫలానా పని దానంతటదే జరగాలని మెట్టుమెట్టుగా రాసి కంప్యూటర్‌కు అప్పగించడం మా ఉద్యోగం. అలా రాసినదాన్నే వర్క్‌ఫ్లో అంటాం. మా మేనేజర్ ప్రసాద్ గారికి సాయంత్రమైతే మీటింగ్ పెట్టాలనిపిస్తుంది. అందుకని యాదగిరి ఒకటి రాశాడు. నాలుగింటికి మా ఇద్దరి క్యాలెండర్లలో "క్లయింట్ కాల్" అని పడుతుంది. పనిలో ఉన్నామని పేర్ల పక్కన ఎర్రచుక్క వెలుగుతుంది. మరో ఐదు నిమిషాలకు నాకు మెసేజ్ వస్తుంది. ఇద్దరం పుప్పాలగూడ రోడ్డు మీది బండి దగ్గర ఉప్పూకారం చల్లిన జామకాయలు తింటూ ఉంటాం.

యాదగిరి పోయి అప్పటికి ఎనిమిది నెలలు. గుండెపోటు. వర్క్‌ఫ్లో ఆగలేదు, నేను ఆపలేదు. మెసేజ్ రాగానే దిగేవాణ్ణి, ఒక కాయ తిని వచ్చేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నాకో పని అప్పగించారు. మనం మాటల్లో చెప్పిన పని చేసిపెట్టే ఏఐ ఏజెంటు అడిగితే ఏ వర్క్‌ఫ్లోలో ఏం రాసి ఉందో తెచ్చిచ్చే టూల్ చేయాలి. అది దేన్నీ నడపదు, మార్చదు. లైబ్రరీలో పుస్తకం తీసిచ్చే మనిషి లాంటిది.

"డెమోకు పది నమూనాలు చాలండి రఘూ," అన్నారు ప్రసాద్ గారు.

పదేనా? అలమార మొత్తం తెరిస్తే ఏమేం దొరుకుతాయో చూడాలనిపించింది. టీమ్‌లోని వర్క్‌ఫ్లోలన్నిటికీ అనుమతి ఇచ్చేశాను. జామకాయల సంగతి మర్చిపోయావా అంటారేమో. మర్చిపోలేదు. దాని పేరు "క్లయింట్ కాల్ - ముఖ్యం". పేరు చూసి ఎవరు అనుమానిస్తారు? ఏజెంటు పేరుతో ఆగదని, లోపలికి వెళ్లి చదువుతుందని ఆ టూల్ రాసినవాడికే తట్టలేదు.

డెమో మూడున్నరకు. పన్నెండు మంది, పెద్ద తెర.

"ఎవరికీ పనికిరాని వర్క్‌ఫ్లో ఏదైనా ఉందేమో అడగండి. తీసేద్దాం," అన్నారు ప్రసాద్ గారు.

అడిగాను. తెర మీద జవాబు పడింది: "క్లయింట్ కాల్ - ముఖ్యం. ఇందులో క్లయింట్ ఎవరూ లేరు."

"అది పాతది సార్. తర్వాతిది చూద్దాం."

"ఆగండాగండి. అసలెందుకు రాశారో చూపించమనండి."

యాదగిరికి ఒక అలవాటుండేది. ఏది రాసినా పైన "ఉద్దేశం" అని పెట్టి నిజం రాసేవాడు. ఎవరైనా చూస్తే ఎట్లా అంటే, "రేపు చదివేటోడు పరేషాన్ కావొద్దు గదనే," అనేవాడు. ఆ నిజం ఇప్పుడు గోడంత అక్షరాలతో వచ్చింది.

"ఉద్దేశం: ప్రసాద్ సార్‌కు తెల్వకుండ జామకాయలు తినుడు. రఘు పిలువకపోతే కుర్చీల నుంచి లేవడు. అందుకే మెసేజ్ గూడ పెట్టిన."

గది ఘొల్లుమంది. ప్రసాద్ గారు నవ్వలేదు.

"ఎన్నాళ్ల నుంచండీ?"

"మూడేళ్లు సార్."

"మీ అప్రైజల్‌లో క్లయింట్లంటే ప్రాణం పెడతాడని రాశానయ్యా నేను! ముందు దీన్ని తీసేయండి."

క్షమాపణ అడగాల్సిన చోట నా నోటికి వేరే మాట వచ్చింది. "నన్నేమన్నా అనండి సార్. అది మాత్రం తీయకండి. ఆ మెసేజ్ యాదగిరిది."

తీసేయమన్న మాట మైకులో ఏజెంటుకూ చేరింది. మౌనం పాటించడం ఏజెంటుకు తెలియదు కనుక ఇంకో వాక్యం రాసింది: "తీసేసే ముందు గమనించండి. దీని మీద ఆధారపడి మరొకటి నడుస్తోంది. పేరు: వ్యూహాత్మక ఆలోచన. ఎవరి కోసం: ప్రసాద్."

"అది అక్కర్లేదండి," అంటూ ప్రసాద్ గారు తెర ఆపే రిమోట్ కోసం బల్లంతా తడిమారు. అదేమో టెస్టింగ్ పని చూసే స్వప్న చేతిలో ఉంది.

"ఉండనియ్యండి సార్. జర చదువుదాం," అంది. మిగతాది తెర మీద పడింది.

"రఘుకు ఎర్రచుక్క పడంగనే సార్ క్యాలెండర్ అరగంట మూసెయ్యాలె. ఉద్దేశం: సార్ మిర్చి బజ్జీలు తినుడు. డాక్టర్ నూనె వద్దన్నడట. మేం ముంగటి గేటు, సార్ ఎన్క గేటు. ఎదురువడొద్దు. రాసింది: యాదగిరి."

ప్రసాద్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వాళ్లు కాల్‌లో ఉంటరు, మీరు బేఫికర్‌గా దిగుండ్రి సార్ అన్నాడండి. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేశాడు."

"ఎవరికీ చెప్పలేదు సార్," అన్నాను. "రాసిపెట్టాడంతే."

అప్పుడే నా ఫోన్ మోగింది. దిగు. జామకాయ.

ప్రసాద్ గారు ముందుగా లేచారు. "పదండి. పిలుస్తున్నాడుగా."

పన్నెండు మందిమీ ముందు గేటు నుంచే దిగాం. బండి ఆయన తనిఖీకి వచ్చామనుకుని గొడుగు మడిచేయబోయాడు.

ఇకమీదట ఏ ఏజెంటుకూ అలమార తాళాలన్నీ ఇవ్వనని ఆ బండి ముందే, ఉప్పూకారం చేత్తో పట్టుకుని, ప్రమాణం చేశాను. ఆ వర్క్‌ఫ్లోలో మొదటి రెండు మెట్లు తీసేశాం, మూడోది, ఆ మెసేజ్, ఉంది. నాలుగింటికి మా ఆఫీసులో ఇప్పుడెవరూ క్లయింట్ కాల్ పెట్టుకోవడం లేదు.