బీడీ కట్ట మీది ‘లేక’

మొన్న మా మనుమరాలు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులన్నా విడవకముందే ఒక కాయిదం నా ముందర పెట్టి, తాతా, దీని మీద రేపు నేను మాట్లాడాలె, ఏమన్న చెప్పు అన్నది. వాళ్ళ పాఠంలో ఒక కథ ఉందట, అందులో పదిహేడేండ్ల పిల్లా పిల్లగాడూ ఒకరిని విడిచి ఒకరు ఉండలేకపోతారట, దాని మీద క్లాసు పిల్లలంతా రెండు జట్లయి కొట్లాడుకుంటున్నారట. కాయిదం మీద ‘ఆ ఇద్దరిది నిలిచే ప్రేమా, లేక ఒకరిపై ఒకరు ఆధారపడటమా?’ అని రాసి ఉంది. కండ్లద్దాలు సవరించుకుని చదువుతూ, ప్రేమ దాటి, కామా దాటి, ఆ తర్వాతి రెండక్షరాల కాడ ఆగిపోయాను. నాకు కనపడటం లేదనుకుని మనుమరాలు లైటు వేసింది. కండ్లు బాగానే ఉన్నాయి. ‘లేక’ అనే ఆ మాటే, పంతొమ్మిది వందల అరవై తొమ్మిది సంది, నా గొంతులో అడ్డం పడి ఉంది.

ముందుగా నా కోపం చెప్పుకోనివ్వండి. పదిహేడేండ్ల మనసును పట్టుకొచ్చి బల్ల మీద పరిచి, ఇది ప్రేమనా, ఆసరనా, రెండిట్లో ఒకటి చెప్పు, మార్కులు వేస్తాను అనే ఈ పెద్దమనుషులకు తమ ఇంట్లో వాళ్ళ సంగతైనా తెలుసునా అని నాకు అనుమానం. నా ఈడు వాళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే వాళ్ళకు నా బాధ అర్థమవుతుంది, ఎందుకంటే మనం ఇట్లాంటివి తేల్చుకోకుండానే పెండ్లిళ్ళు చేసుకున్నాం, ముసలివాళ్ళమయ్యాం.

నేను బడికి పోయింది తక్కువ. సిరిసిల్లలో మా నాయిన మగ్గం నేసేవాడు, ఆయన పోయినాక అమ్మ మమ్మల్ని తీసుకుని అదే ఊళ్ళో ఉన్న మా మేనమామ ఇంట్లో చేరింది. మామ కొడుకు, మాకు బావ, అప్పుడప్పుడే మగ్గం ఎక్కాడు. మా అక్క ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టేది. ఆమె చిన్నప్పటి సంది అందరూ నీకు వాడే, వాడికి నువ్వే అంటూనే ఉన్నారు గనుక, ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారా, పెద్దల మాటను చూసుకున్నారా అన్నది నాకే కాదు, వాళ్ళకైనా తెలుసో లేదో. అక్క నవ్వితే మాత్రం మగ్గం చప్పుడు ఒక క్షణం ఆగేది, ఇంత గట్టిగా చెప్పగలను. తర్వాత మేము కోరుట్లకు వచ్చాం, అమ్మా అక్కా బీడీలు చేయసాగారు. బావ మగ్గం కూడు పెట్టక, కొద్దిరోజులు చేసుకుని వస్తానని బొంబాయి పక్కన మరమగ్గాల ఊరు భీవండి పోయాడు. పోయి మూడేండ్లయింది. వచ్చినవాళ్ళను అడిగితే బాగనే ఉన్నడు, వస్తడంట అనేవాళ్ళు. ఆ ‘అంట’ మీదనే మా అక్క బతికింది.

నాకు బీడీల కార్ఖానలో కట్టలకు లేబుళ్ళు అంటించే పని దొరికింది. నా బడి అదే. అక్షరాలు ఒక్కొక్కటి కూడబలుక్కుని, మా లేబుల్ లేక గుర్తును కాపీ చేసినవారు శిక్షకు పాత్రులు అన్న వాక్యాన్ని నేను మొదటిసారి పూర్తిగా చదివిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు, అంత సంతోషం. తర్వాత బస్సు బోర్డులు, గోడల మీది రాతలు, ఆ తర్వాత జగిత్యాల బస్టాండులో అమ్మే వారపత్రిక. నేను ఇప్పుడు మీకు రాస్తున్న ఈ భాష కూడా ఆ పత్రిక పెట్టిన భిక్షే, అందుకే దాని మీద నాకు ప్రేమా ఉంది, ఒళ్ళు మంటా ఉంది.

కోరుట్లలో మా వాకిట్లో వాడకట్టు ఆడవాళ్ళంతా ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు, నేను కార్ఖాన నుంచి రాగానే పత్రికలోని సీరియల్ చదివి వినిపించాలి. నాకు వాళ్ళు పెట్టిన పేరు లేబులు పంతులు. ఆ కథలో తల్లిదండ్రులు లేని ఒక పిల్ల, పక్కింటి పిల్లగాడు, ఇద్దరికీ పదిహేడేండ్లు. ఆమెకు చదువు చెప్పింది వాడు, భయమేస్తే తోడు నిలిచింది వాడు. పత్రిక వాళ్ళు ప్రేమ అని రాసేవాళ్ళు, మా వాకిట్లో ఆ మాట ఎవరి నోటా పలకదు గనుక నేను పాయిరం అని మార్చి చదివేవాణ్ణి. ఇద్దరికీ పట్నంలో చదివే యోగ్యత ఉంది, పైసలు మాత్రం ఒక్కరికే సరిపోతాయి. ఇద్దరూ రైలు స్టేషన్లో ఒక్క టికెట్టు పట్టుకుని నిలబడతారు. మా వాకిట్లో రైలును చూసినవాళ్ళు ఎవరూ లేరు, అది వచ్చేటప్పుడు భూమి అదురుతుందని నేనే, నేనూ చూడకుండానే, చెప్పాను. బండి కూత వేస్తుంది. ఆ పిల్ల వాడి ముఖంలోకి చూసి, ‘నీవు లేక నేను...’ అంటుంది. అక్కడ మూడు చుక్కలు పెట్టి, మిగతాది వచ్చే వారం అన్నారు.

ఆ వచ్చే వారం రాలేదు. తెలంగాణ ఉద్యమం మా దాకా వచ్చింది, బళ్ళు మూతపడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి, బస్సులు లేక పత్రికా లేదు.

సరిగ్గా అప్పుడే మల్లాపూర్ నుంచి అక్కకు సంబంధం వచ్చింది. పిల్లవాడు నెమ్మదస్తుడు, రెండు ఎడ్లు, కొంత భూమి. అమ్మ అలిసిపోయి ఉంది, ఎంత కాలమని ఆ భీవండి వానికోసం చూస్తవే అని ఏడ్చింది. అక్క ఔననలేదు, కాదనలేదు. నన్ను పక్కకు పిలిచి, గా పోరి ఏమన్నదో తెలిసినంక చెప్త అన్నది. నాకు నవ్వొచ్చింది, అక్క ముఖం చూసి మింగేశాను. అమ్మకు తెలిసి, కథల పిల్లకూ నా బిడ్డ పెండ్లికీ ఏం సంబంధంరా, ఇదంతా నీ చదువు చేసిన పనే అని చీపురు తీసుకుని నా వెంటపడ్డది.

ఇక వాకిట్లో లొల్లి మొదలైంది. నేను నేర్చిన ‘లేక’ బీడీ కట్ట మీదిది. లేబుల్ లేక గుర్తు అంటే, ఇదన్నా, అదన్నా అని. కాబట్టి ఆ పిల్ల అడుగుతున్నది, నువ్వు పోతావా నేను పోనా, టికెట్టు ఒక్కటే ఉన్నది అని చెప్పాను. మా పక్కింటి పెద్దమ్మ ప్రతి సోమవారం భజనలో పాడే మనిషి, ఆమె చాట కింద పెట్టి లేచింది.

“ఓ లేబులు పంతులూ, నీ బీడీ కట్ట పుట్టకముందు సంది మేం దేవునికాడ లేక, లేక అని మొత్తుకుంటున్నం. లేక అంటె లేకుంట అని. నువ్వు లేకుంట నేను బతుక అంటున్నది పాపం పోరి.”

“గట్లయితే టికెటు ముచ్చట ఎందుకు రాసిండు?” అన్నాను నేను.

“రైలు ముంగట నిలవడి టికెటు గుంజుకుంటదారా ఎవతన్న? గది పాయిరంరా, నీకు లేబుళ్ళు అంటిచ్చుడు దప్ప ఏం తెలుసు?”

ఎదురింటి వదిన మాటలో పదును ఎక్కువ, ఆమె కత్తెరతో ఆకు కోస్తూ, “వాడు లేకుంటె ఆమెకు సదువు రాదు, భయం పోదు, తొవ్వ తెల్వది. గది పాయిరం గాదు పెద్దమ్మా, ఆసర. గోడ కూలితె తీగ ఏడువదా మరి?” అన్నది.

అందరూ ఆ పిల్లను గురించే మాట్లాడుతున్నారు, అందరూ మా అక్క వైపే చూస్తున్నారు. అక్క తల వంచుకుని చుట్టిన బీడీకే మళ్ళీ దారం చుట్టింది.

మల్లాపూర్ వాళ్ళు ఇక మేము ఆగలేం అని కబురు పెట్టారు. నేను పత్రిక కోసం కిరాయి సైకిలు తీసుకుని జగిత్యాల పోయాను. దారి పొడుగునా చెట్లు కొట్టి అడ్డం వేశారు, సైకిలు భుజానికెత్తుకుని దాటుతూ పోయాను. బజారు మొత్తం బందు. బస్టాండు ముందర పత్రికల దుకాణం తలుపులు వేసి ఉంది, ఆంధ్రోళ్ళవని పాత పత్రికల కట్టలన్నీ రోడ్డు మీద కుప్పగా కాలుతున్నాయి. కట్టెతో ఆ బూడిద కెలుకుతుంటే నాకంటే కొంచెం పెద్దవాడు, కాలేజీ పిల్లవాడే, చెయ్యి పట్టుకున్నాడు. ఏమని చెప్పను, ఉన్నది చెప్పాను.

“ఏం తమ్మీ, గా ఆంధ్రా పోరి రైలెక్కితె నీకేంది, ఎక్కకుంటె నీకేంది? గామెను గూడ జై తెలంగాణ అనుమను, అప్పుడు సూద్దాం,” అని చుట్టూ ఉన్నవాళ్ళను నవ్వించాడు.

నేను వాళ్ళకంటే గట్టిగానే జై తెలంగాణ అన్నాను, అది మనసు నుంచి వచ్చిన మాటే. కానీ నా అక్కకు నేను ఏం మొఖం చూపెట్టాలి అన్నది ఆ నినాదంలో లేదు. అప్పుడే ఇంకొక పిల్లవాడు ఎడ్లబండి మీద ఎక్కి మాట్లాడసాగాడు. మనల ఇడిసి ఉండలేమంటున్నరు ఆంధ్రోళ్ళు, ఉండలేకపోవుడు పాయిరమా, ఆసరనా, పాయిరమే ఉంటె మనం బాగుపడాలని సూసెటోళ్ళు, ఆసర గావాలె గాబట్టే పోనిస్తలేరు అన్నాడు. జనం ఈలలు వేశారు. మా వాకిట్లో ఎదురింటి వదిన అన్న మాటే వీడికెట్లా తెలిసిందా అని బిత్తరపోయి చూస్తూ నిలబడ్డాను.

పత్రిక లేకుండా ఇంటికి వచ్చి, చెప్పడానికి ఇంకేమీ లేక, ఆ మాటలే అక్కకు చెప్పాను. అక్క మళ్ళొకసారి చెప్పు అన్నది, చెప్పాను. పొద్దున్నే అమ్మతో మల్లాపూరోళ్ళను రమ్మను అన్నది. అమ్మ దేవునికి దండం పెట్టింది. నేను అక్క వెనుకనే పోయాను. మరి కథనే, ఆ పోరి ఏమన్నదో తెలువకపాయె గద అని అడిగాను.

“కథకేందిరా? ఒక్కటే టికెటు ఉండె, బావ ఎక్కి పోయిండు. ఆయన లేకుంట నేను ఉన్న. లేనా?” అన్నది అక్క.

బీడీ కట్ట మీది లేకనూ, భజనలోని లేకనూ ఒక్కచోట ముడి వేసి నా చేతిలో పెట్టింది, దాన్ని విప్పడం నాకు ఈనాటికీ రాలేదు. తనది వట్టి ఆసరే అని తేల్చుకున్నదా, లేక బావది పాయిరమే కాదనుకున్నదా, అదీ కాక, పోయినవాణ్ణి పోనియ్యడమే పాయిరం అనుకున్నదా? పెండ్లి పీటల మీద ఆమె ముఖంలో వెతికాను, ఏమీ దొరకలేదు. ఆ తర్వాతి వానకాలం బావ వచ్చాడు. మా వాకిట్లో నిలబడే చెంబెడు నీళ్ళు తాగి, అక్క బాగున్నదా అని అడిగి సిరిసిల్ల పోయాడు. అక్కడే పెండ్లి చేసుకుని మరమగ్గం పెట్టాడు. బస్సులు నడిచేనాటికి పత్రికలో ఆ సీరియల్ అయిపోయి ఇంకొకటి మొదలైంది. ముగింపు చదివినవాళ్ళు నాకు ఎక్కడా తగలలేదు.

మలి తెలంగాణ ఉద్యమంలో మళ్ళీ బస్సులు నిలిచిన రోజుల్లోనే సిరిసిల్లలో బావ చనిపోయాడు. మల్లాపూర్ నుంచి అక్క ట్రాక్టరు మీద కోరుట్లకు వచ్చి, నన్ను మోపెడు తీయమన్నది. అక్క పెనిమిటి, చెప్పొద్దా, చాలా మంచివాడు, నువ్వు పోవాలె అని తానే పంపాడట. వేములవాడకు ఇవతల రోడ్డు మీద ఉద్యమం పిల్లలు పొయ్యిలు పెట్టి వంటలు చేస్తూ దారి ఆపారు. మా బావ పోయిండు, తొవ్వియ్యుండ్రి బిడ్డా అని అక్క అంటే, తినకుండా పోనీయం అన్నారు. అక్క తిన్నది. నేనే తినలేకపోయాను.

సిరిసిల్ల చేరేసరికి అన్నీ అయిపోయాయి. బావ భార్య అక్క చెయ్యి పట్టుకుని, నేను లేకుంటె ఆయనకు ఒక్క పూట గడవకపోయేది వదినె, మంచినీళ్ళు గూడ ఎన్నడు తానుగ ముంచుకోలేదు అని ఏడ్చింది. అక్క ఆమె తల నిమిరింది. తిరిగి వచ్చేటప్పుడు నా వీపు వెనుక నుంచి, “నాకైతే నీళ్ళు ఆయననే ముంచి ఇచ్చేటోడు. కండెలు సుట్టి సుట్టి సేతి ఏళ్ళు కాయలు కాసినయని, సెంబు గూడ పట్టనియ్యకపోయేది,” అన్నది, నాతో అన్నట్టు కాదు, దారితో అన్నట్టు. మోపెడు ఆపి వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. ఒకే మనిషి ఒకరికి నీళ్ళు ముంచి ఇచ్చాడు, ఒకరి చేత ముంచుకుని తాగాడు, ఇందులో ఏది ప్రేమ, ఏది ఆసర అన్నది ఏ చదువుకున్నవాడు చెబుతాడో చెప్పమనండి.

ఇదంతా మనుమరాలికి చెప్పేసరికి పొద్దు గూకింది. ఆమె కండ్లు పెద్దవి చేసుకుని విని, అయితే మీ అక్కనే, అమ్మమ్మనే అడుగుదాం అని, నేను వద్దనేలోపు మల్లాపూర్‌కు ఫోను కలిపింది. మా అక్కకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. ఈ పిల్ల తన కాలేజీ కథ గురించి, ఆ పిల్ల వాణ్ణి విడిచి ఉండలేకపోవడం గురించి గట్టిగా అరిచి చెప్పింది. అంతా విని అక్క అన్నది.

“గా పోరి ఇంక టేషన్లనే నిలవడ్డదా బిడ్డా? పాపం, బండి పోయి ఎన్నడో అయె. ఇంటికి రమ్మను.”

మనుమరాలు పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఈ పిల్లలకు ఇప్పుడు ఏ కథ మొదలుపెట్టినా ముగింపు చేతిలోనే ఉంటుంది, ముందు అదే చూసుకుని తర్వాత మొదటి నుంచి చదువుతారు, మూడు చుక్కల కాడ వారాల తరబడి నిలబడవలసిన అవసరం ఎవరికీ లేదు. జగిత్యాల బస్సులు కూడా ఆగకుండా నడుస్తున్నాయి, అడిగిన రాష్ట్రమూ వచ్చింది. మనుమరాలు తన కాయిదంలో ‘లేక’కు ముందు కామా ఎంత ధీమాగా పెట్టుకున్నదో మళ్ళీ ఒకసారి చూశాను. ఆనాటి ‘నీవు లేక నేను’లో కామా లేదు. ఉంటే అది ‘లేక’కు ముందు ఉండేదో, తర్వాత ఉండేదో, మా అక్క దాన్ని ఏ పక్కన పెట్టుకుని ఇంత కాలం బతికిందో, ఫోను పెట్టేసినాక కూడా నాకు తెలియలేదు.