గురివింద కండ్ల బొమ్మ

కూసో బిడ్డా. ఆ పెన్ను తిప్పుడు ఆపి మంచిగ ఇను, నేను చెప్పినట్టే రాయి.

అప్పుడు మీ తాత భద్రాచలంల దర్జీ పని చేస్తుండె. జాకిట్లు కుట్టంగ మిగిలిన పీలికలతోని నేను ఇంట్ల బట్టబొమ్మలు కుట్టి అంగడిల అమ్మేదాన్ని. కండ్లకు గురివింద గింజలు. అడివి ఊరి నుంచి ఒక అక్క కొంగుల కట్టుకొని తెచ్చేది. గురివింద ఉంటే పిల్లలకు దిష్టి తగలదంటరు గదా, అందుకే తల్లులు బొమ్మ మొకం చూసేటోళ్లు గాదు, కండ్లు చూసి కొనేటోళ్లు. తుమ్మజిగురుతోని అతికిస్తే ఎండకు రాయిలెక్క గట్టిపడేది.

ఒకనాడు అంగడికి హెల్త్ ఆఫీసరు వచ్చిండు. బొమ్మను చేతిలకు తీసుకుంటే కొంటడేమో అనుకున్న. వేలు నీళ్లల ముంచి కన్ను మీద రుద్దిండు. గింజ ఊడి ఆయన అరచేతిల పడ్డది.

"ఏందమ్మా ఇది? పిల్లలు బొమ్మల్ని చీకరా?"

"చీకుతరు సారూ, పిల్లలు గదా."

"ఇది విషపు గింజ. నమిలితే పాణం పోతది. పిల్లల సామానుకు రూల్స్ ఉంటయి. మళ్ల అమ్మితే కేసు పెడ్త."

బొమ్మలన్నీ సంచిల ఏసుకొని పోయిండు. పక్కన గాజులామె, "పోనీ వదినా, సారు ఇంట్ల పిల్లలు మస్తుగున్నరేమో" అని నవ్వింది.

నాకు నవ్వు రాలే. పొద్దుగాలే కొత్తగూడెం గని క్వార్టర్ల ఆమె ఒక బొమ్మ కొన్నది. "పండ్లొస్తున్నయి అక్కా, ఏది దొరికితే అది కొరుకుతడు" అనుకుంట పిల్లగాని చేతికిచ్చింది. ఇల్లు నీళ్లట్యాంకు పక్కనే అని మాటల్ల చెప్పింది.

గింజల అక్క నా పక్కనే ఉన్నది. "మింగితే బయటికొస్తదే. నమిలితేనే..." అన్నది. నేను బస్సెక్కిన. కొత్తగూడెంల దిగి నీళ్లట్యాంకు అడుక్కుంట పోయిన.

ఆమె గడపల కూసొని బియ్యం చెరుగుతున్నది.

"గింత దూరం వచ్చినవేందక్కా?"

"బొమ్మేది?"

ఉయ్యాల కింద పడున్నది. ఒకటే కన్ను. రెండో కన్నుకాడ జిగురు తడితడిగ ఉన్నది. పిల్లగాడు పండుకున్నడు. కదుల్తలేడు. నోట్ల ఏలు పెట్టిన. కసుక్కున కొరికి ఒకటే ఏడుపు!

"నిద్రపోయే పిల్లగాని నోట్ల ఏలు పెడ్తవేంది? పిచ్చా నీకు?" అని ఆమె గుంజుకున్నది.

"గింజేదమ్మా? విషమది!"

అప్పుడు ఆమె గూడ ఎతుకవట్టింది. అంగీ విప్పి దులిపినం. వాని మెడ ముడతల అతుక్కొని ఉన్నది. వెలుతురుల తిప్పి తిప్పి చూసిన. పంటి గాటు లేదు. ఆ రెండో కన్ను గూడ పీకి కొంగుల కట్టుకున్న.

తర్వాత నల్లదారంతోని కండ్లు కుట్టిన. "దిష్టికి పనికిరాని బొమ్మ మాకెందుకే" అని ఒక్క తల్లి గూడ కొనలే. అంగడి బంద్ పెట్టిన.

భయం మాత్రం బంద్ కాలే బిడ్డా. ఆనాడు ఆఫీసరు రాకముందే ఇంకొక బొమ్మ అమ్ముడుపోయింది. దర్శనానికొచ్చినోళ్ల బస్సు కదులుతుంటే కిటికీలకెళ్లి అందిచ్చిన. ఏ ఊరోళ్లో అడగలే. తల్లి ఒళ్లె చిన్నపిల్ల రెండు చేతుల పట్టుకొని, బొమ్మను నోటికాడికి తీసుకపోతుంటే ఆ బస్సు—

"అత్తా, అన్నం సల్లారుతుంది, జల్దీ రా!"

ఆఁ, వస్తున్ననే. ఆ బస్సు మలుపు తిరిగింది. ఆ పిల్ల ఏమైందో ఇయ్యాల్టిదాంక నాకు తెల్వదు, అది గూడ రాయి బిడ్డా.